రంగు కానరాని వేళ

వెనీసు నగరపు ఉత్తరపుటంచున ఫొందమెంతె నొవె అను పడవరేవు కలదు. అక్టోబరు మాసమున ఒకనాటి ప్రాతఃకాలమున, ఉప్పునీటి కాసారముపై కమ్మిన పలుచని మంచు ఇంకను విడిపోకముందే, పాదువా విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న మా అక్క కుమారుడు తోడురాగా, నేనా రేవున మురానో ద్వీపమునకు పోవు పడవ నెక్కితిని. పడవ కదలిన కొలది నిమిషములకే, ఎఱ్ఱని యిటుక ప్రాకారము వెనుక మన సరుగుడుచెట్లవలె నిటారుగ నిలిచిన సైప్రెసు వృక్షములతో, శాన్ మికేలె అను శ్మశానద్వీపము నీటినుండి తేలివచ్చినట్లు గోచరించెను. స్త్రావిన్‌స్కీ అను సంగీతకర్తయు, ఎజ్రా పౌండ్ అను కవియు అక్కడనే శాశ్వతనిద్రయందున్నారని మావాడు చెప్పగా, ఎక్కడెక్కడనో పుట్టినవారికి ఈ నీటి నడుమ చోటు దొరకినందులకు ఆశ్చర్యపడుచు, మంచుతెర వెనుక తెల్లగా లేచుచున్న మురానో దీపస్తంభమువైపు నేను చూచుచుంటిని.

మురానో యనగా కాలువలచే విడిపోయి వంతెనలచే కలిసిన చిన్నచిన్న దీవుల గుంపు. 1291 వ సంవత్సరమున వెనీసు గణరాజ్యమువారు, కొయ్యయిండ్లు క్రిక్కిఱిసిన తమ నగరమునకు గాజుబట్టీల వలన అగ్నిభయము కలదని తలంచి, వానిని నీటికావలి ఈ ద్వీపమునకు తరలింపవలసినదిగా శాసించిరి. శాసనమునకు కారణము నిప్పే యైనను, దాని ఫలము నిప్పుతో ఆగలేదు. గాజుపని తెలిసిన కుటుంబములన్నియు ఒక్కచోట చేరుటచే తండ్రి విద్య కొడుకునకును, ఒక బట్టీ మెలకువ ప్రక్కబట్టీకిని గోడలు దాటి పాకెను. ఆ విద్య పరదేశములకు పొక్కకుండ కావలి కాచుట రాజ్యమునకు సులువయ్యెను. పనివాండ్రు అనుమతి లేక దేశము విడువరాదని కట్టడి చేసిన ఆ రాజ్యమే, వారి కుమార్తెలు ప్రభువంశములలో మెట్టినచో పుట్టిన బిడ్డల కులీనతకు లోపము లేదని అంగీకరించెను. బంధనమును గౌరవమును ఒక్క చేతితోనే ఇచ్చిన ప్రభుత్వమది. అయినను 1665 ప్రాంతమున ఫ్రాన్సు మంత్రి కొల్బేరు ఇచ్చటి అద్దపు పనివాండ్రను కొందఱిని ధనాశ చూపి పారిస్‌కు రప్పించుకొనగలిగెను. నిప్పును నీటితో చుట్టవచ్చును గాని, విద్యను ఎవడు చుట్టగలడు?

కొలొన్న రేవున దిగినది మొదలు కాలువగట్టు పొడవునను దుకాణములే. గాజు గుఱ్ఱములు, గాజు చేపలు, గాజు మిఠాయిలు, ఒకదానిపై నొకటి. కొన్ని తలుపులపై, ఆ ప్రాంతీయప్రభుత్వము 1994 లో శాసనముచే ఏర్పఱచిన మురానో గాజు ముద్ర కనబడుచుండెను. ముద్ర లేని దుకాణములలోని సరకులో దూరదేశమునుండి పెట్టెలలో వచ్చినదే యెక్కువ యని మావాడు చెప్పెను. నేను వానియొద్ద నిలువలేదు. నాకు కావలసినది వస్తువు కాదు, దానిని చేయువాని కన్ను. ఆతడు దేనిని చూచి ఆ రూపమును కల్పించుచున్నాడు? చిత్రకారుని ముందు చెట్టున్నది, శిల్పి ముందు మనుష్యుడున్నాడు, గాజుపనివాని ముందేమున్నది? ఈ ప్రశ్నతోనే నేనింత దూరము వచ్చితిని.

గాజు అను మాట మన భాషలో ఎంత చిత్రమైనది! సంస్కృతపు కాచము తెలుగునోట గాజై, పదార్థమునకును ముత్తైదువ ముంజేతి ఆభరణమునకును ఒక్కటే పేరైనది. ఆ ఆభరణమునే మరల మనము మట్టిగాజు అందుము. ఇసుక కరగి గాజగునన్న శాస్త్రసత్యమును మన స్త్రీలు ఏ పుస్తకమును చదువకయే ఆ సమాసములో దాచిరి. మలారము భుజమున వేసికొని వచ్చిన గాజులసెట్టి మా యూరి అరుగుపై కూర్చుండి, మా అక్క పిడికిలిని నొక్కి నొక్కి మెత్తపఱచి, కణుపుల మీదుగా గాజును జాఱవిడుచునపుడు, అది ఎచ్చట విఱుగునోయని ఊపిరి బిగబట్టి చూచిన బాల్యము నాది. ఇక మన పండితులో, మణిగాని దానిని నిందింపవలసినపుడెల్ల కాచమునే ఉదాహరించిరి. కావున గాజును గూర్చి నాకు తొలుత తెలిసినవి రెండే సంగతులు: అది విఱుగును, అది మణి కాదు.

మావాని సహపాఠి యొకనికి పరిచయమున్న ఒక చిన్నబట్టీలో మాకు ప్రవేశము లభించెను. ఆ గిడ్డంగివంటి శాలలో అడుగుపెట్టగానే మొదట తాకినది వేడిమి. తరువాత, ఆ వేడిమిలోని నిశ్శబ్దము. పనివాండ్రు నలుగురుండిరి. వారి గుంపునకు అక్కడివారు పియాజ్జ యని పేరు పెట్టుకొనిరి. నడుమ ఆసీనుడైనవాడు మాయెస్త్రొ. మన మేస్త్రీ యను మాట పోర్చుగీసువారి నోటనుండి వచ్చినది, ఈ మాయెస్త్రొకు దాయాదియే. కనుక నేనాయనను మేస్త్రీ యనియే పిలుతును. డెబ్బది యేండ్లకు దగ్గఱపడిన మనిషి, బలిష్ఠమైన మణికట్టులు, మాటాడని పెదవులు. ఆయనకు కుడిభుజమువంటి వాడొకడు, వాని క్రింద మఱియొకడు, అందఱికంటె చిన్నవాడైన గార్జోనె యను పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు.

రాత్రియెల్ల సుమారు 1400 డిగ్రీల వేడిమిలో ఇసుకయు, సోడాయు, సున్నమును కరగి ఏకరసమై యుండగా, ఉదయమున వేడిమిని కొంత దించి, ద్రవము తేనెపాకమువలె చిక్కబడిన పిమ్మట పని మొదలిడుదురు. ఆనాడు వారు చేయబూనినది రెతిచెల్లొ యను జాలపు పాత్ర. చూచినదానిని చెప్పుటకు ప్రయత్నింతును. తెల్లని గాజు గర్భమునందున్న సన్నని కడ్డీలను చాపపుల్లలవలె ప్రక్కప్రక్కన పేర్చి వేడిచేసి, ఊదుగొట్టము చివర నున్న గాజుకట్టుపై దొర్లించి చుట్టగా అవి గొట్టమై మూసికొనును. దానిని మెలిపెట్టగా గీతలన్నియు ఒకవైపునకు త్రాటివలె పేనుకొనును. ఇట్టిదే మఱియొకటి, కాని మెలిక ఎదురువైపు. మొదటిదాని నోరు తెఱచి దొన్నెవలె నిలిపి, రెండవదానిని దానిలోపల ఊదవలెను. రెండు మెలికలును ఒకదాని నొకటి దాటినచోట వల యేర్పడును. వలలోని కన్నుకన్నునందును ఒక్కొక్క గాలిబుడగ చిక్కుపడి, ఆవగింజంతయై, వరుసతప్పక నిలిచిపోవును. ఆ బుడగలను ఎవరును ఉంచరు. గీతల నడుమ మిగిలిన గాలియే బుడగయగును. ఒక్క కడ్డీ వంకరపోయినను వరుస చెడును. ఈ విద్య పదునాఱవ శతాబ్దమునాటిది.

మేస్త్రీ ఆసనమునకు రెండువైపులను ఇనుపపట్టెలు బాహువులవలె చాచియుండెను. ఆయన ఎడమచేయి వానిపై ఊదుగొట్టమును ముందునకును వెనుకకును దొర్లించుచునే యుండెను. ఆ దొర్లుట ఆగిన యెడల కరగిన గాజు తన బరువునకు తానే క్రిందికి సాగి వ్రేలును. కుడిచేత నీటిలో నానిన కొయ్యసాధనము, ఒకప్పుడు పట్టకారు, ఒకప్పుడు కత్తెర. ఆవిరి లేచుచుండెను. ఆయన గడ్డము కొంచెము ఎత్తగా కుఱ్ఱవాడు మోకాళ్ళపై కూర్చుండి గొట్టమున ఊదెను. కనుబొమ కదలగా ఆపెను. చల్లారనారంభింపగానే ఆ గోళమును మరల జ్వాలాముఖమునకు కొనిపోయిరి, మరల తెచ్చిరి. ఇట్లెన్నిమారులో నేను లెక్కింపలేదు. ఆదేశముల నిచ్చు గొంతు వినబడని యీ శాలలో, మన నాట్యమండపమున నట్టువాంగము మోగినంత ఖచ్చితముగా నలుగురి అడుగులును పడుచుండెను.

నన్ను నివ్వెఱపఱచిన సంగతి యొకటి అప్పుడు జరిగెను. కడ్డీలలో తెల్లనివే కాక నడుమనడుమ నీలపుటివియు నున్నవని పేర్చునపుడు చూచితిని గదా, కాని గొట్టము చివర వ్రేలుచున్న ఆ ముద్దయంతయు ఇపుడు ఒక్కటే నారింజవర్ణము. నీలమెక్కడ, తెలుపెక్కడ యని నా కన్ను ఎంత వెదకినను గుర్తింపలేకపోయెను. కోబాల్టు నీలమునిచ్చును, రాగి పచ్చనిచ్చును, మాంగనీసు ఊదానిచ్చును, స్వర్ణము కెంపునిచ్చును. కాని నిప్పులో నున్నంతసేపు వీనినన్నిటిని నిప్పు తనలో కలుపుకొనును. రంగులతో పనిచేయుచు రంగును చూడక పనిచేయు శిల్పము లోకమున ఇంకేదియైన కలదా? అంతటితోనైన తీఱలేదు. పని ముగియగానే పాత్రను గొట్టమునుండి తట్టి విడదీసి, సుమారు 500 డిగ్రీల వేడిమిగల వేఱొక పొయ్యిలో పెట్టి తలుపు వేసిరి. అది అందులో గంటలకొలది మెల్లమెల్లగా చల్లారవలెను. తొందరపడినచో లోని బిగువునకు తానై పగులును.

"రేపు పొద్దున వచ్చి చూడమంటున్నాడు మామయ్యా. ఆయనా రేపే చూస్తాడట," అని మావాడు నా చెవిలో చెప్పెను.

తాను చేసినదానిని తాను చేసిననాడు చూడలేని కళాకారుడు! పని మధ్య విరామమున, గోడప్రక్క బల్లపై నీళ్ళు త్రాగుచున్న ఆయనను మావాని మూలముగా నా ప్రశ్న నడిగించితిని: మీకు ప్రేరణ యెచ్చటిది? ఆ మాట వినగానే ఆయన, వీధిలో నెవరో తన్ను పరాయిపేరుతో పిలిచినట్లు, కొంచెము తలవంచి ఆలోచించెను. తరువాత చెప్పినది మావాడు విడివిడిగా తెనిగించిన దానిని నేను కూర్చి వ్రాయుచున్నాను. పదునాలుగవ యేట ఆయన బట్టీలో చేరెనట. నాలుగేండ్లు ఊడ్చుటయు మోయుటయు తప్ప వేఱుపని యియ్యలేదు. ఎవ్వరును నేర్పలేదు, కంటితో దొంగిలించుకొమ్మనుట అక్కడి సంప్రదాయము. ఆయన తన గురువు చేతులనే చూచెను, ముఖమును సయితము అంత బాగుగా ఎఱుగడట. నేటికిని గొట్టము చేతబట్టినపుడు చివరనున్న బరువును బట్టి, ఇప్పుడాతడైనచో ఏమి చేసియుండునో తన మణికట్టునకు తెలియునట. అంతియే.

మన దర్శనములలో వాసన యను మాట యున్నది. పూవు పోయినను చేతినంటియుండు పరిమళమువలె, అనుభవము గడచినను చిత్తమునంటియుండు సంస్కారము. ఆ వృద్ధుని మణికట్టునందున్నది అట్టి వాసన యని నాకు తోచెను. నిప్పు ముందు చూచుటకేమియు లేదు; మునుపు చూచినది చేతిలో మిగిలియుండవలెను. ఈ తలపు పుట్టిన పిమ్మట ఆనాడు నేను చూచినవన్నియు దానిచుట్టే తిరిగెను.

మధ్యాహ్నము జుస్తినియాన్ భవనమునందున్న గాజు ప్రదర్శనశాలకు పోయితిమి. పూర్వమది తొర్చెల్లొ మతగురువుల నివాసము. లోన నీలవర్ణపు కల్యాణపాత్ర యొకటి కలదు. పదునైదవ శతాబ్దపు బరొవియెర్ వంశమువారి పేరుతో ప్రసిద్ధము. వధూవరుల ముఖములు దానిపై కాచువన్నెలతో చిత్రింపబడియున్నవి. ఆ వంశమునకు చెందిన ఆంజెలొ బరొవియెర్ యనునాతడే, తూర్పు తీరములనుండి తెచ్చిన మొక్కల బూడిదను మరగించి వడగట్టి, నదీతీరపు తెల్లని పలుగుఱాళ్ళను పొడిచేసి చేర్చి, మాంగనీసుతో మిగిలిన పచ్చదనమును హరింపజేసి, వర్ణములేని గాజును సాధించెను. దానికాతడు పెట్టిన పేరు క్రిస్తల్లొ; అనగా స్ఫటికము. పేరులోనే ఆశ తెలియుచున్నది. గాజు ఇంకొకటి కావలెనని కోరెను. అటుపై చీనా పింగాణివలె నుండవలెనని లత్తిమొ యను పాలగాజు పుట్టెను; చారలరాతివలె నుండవలెనని కల్చెదోనియొ పుట్టెను. మన పండితులు కాచము మణి కాదని నిందించిరి. ఈ ద్వీపవాసులు ఆ నిందను తుడుచుటకే మూడునాలుగు శతాబ్దములు శ్రమించినట్లున్నది. అద్భుతమైన శ్రమ. అయినను ఆ బీరువాల ముందు నిలిచినపుడు, ఎంతో అందమైన కన్య యొకతె జీవితమంతయు పరుల చీరలను అరువుతెచ్చి కట్టుకొనుచుండగా చూచినట్లు నా మనస్సు చివుక్కుమనెను.

ఒక్క చిన్నవస్తువు మాత్రము నన్ను వదలలేదు. రొజెత్త యను పూస. తెలుపు, ఎఱుపు, నీలము పొరలుపొరలుగా గొట్టమువలె సాగదీసి, ముక్కలుగా కోసి, అంచుల నరగదీయగా లోపలి పండ్రెండు మొనల నక్షత్రము బయటపడును. ఇది ఆంజెలొ కుమార్తె మారియ సృష్టి యని పరిశోధకుల విశ్వాసము. 1487 లో ఆమెకు సొంతముగా ఒక చిన్నబట్టీ పెట్టుకొనుటకు అనుమతి లభించెను. పురుషులు కావలి కాచిన విద్యలో ఒక స్త్రీ తనకై అడిగి తీసికొన్న చిన్ననిప్పు! ఆ పూస దేనికిని అనుకరణము కాదు. పొరలలోనున్నది అరగదీసినగాని కనబడదను గాజు స్వభావమునే ఆమె నక్షత్రముగా మార్చెను. మురానోలో నేను చూచినవానిలో దీనికే నేను అగ్రాసనమిత్తును.

1797 లో గణరాజ్యము నెపోలియను చేత కూలినది, మఱికొన్ని యేండ్లకు పనివాండ్ర శ్రేణులు రద్దైనవి, బట్టీలు చల్లారినవి. జాలపు గాజును చేయు విధమే మఱపునబడు దుర్దినములవి. 1861 లో విన్చెన్జొ జనెత్తి యను మతాచార్యుడు నగరాధిపతి సాయముతో ఈ ప్రదర్శనశాలను స్థాపించి, పూర్వుల పాత్రలను సేకరించి, పనివాండ్రు వచ్చి చూచి నేర్చుకొనుటకు చిత్రలేఖన పాఠశాలను తెఱిపించెను. చూడక చేయు విద్యకు మొదట కావలసినది చూపేయని ఆ మహానుభావుడు గ్రహించెను. పాతవానిని చూచి విన్చెన్జొ మొరెత్తి వంటి ఘనులు, రోమనుల కాలపు పూలగాజును సయితము మరల సాధించిరి.

ఇచట నేను ముందుదినమున చూచినదానిని చెప్పవలెను. వెనీసు అకాదెమియ చిత్రశాలలో, పదునాఱవ శతాబ్దపు చిత్రకారుడు పావొలొ వెరొనేజె వ్రాసిన దేవదూత సందేశచిత్రమున, ఒక పలుచని గాజుపాత్ర యున్నది. పొట్ట నిండుగా, మెడ సన్నగా, ఏమియు అలంకారములేక, గాలి గడ్డకట్టినట్లుండును. చిత్రకారుడు తనకాలపు మురానో పనివాని పాత్రనే చూచి వ్రాసియుండును. 1921 లో పావొలొ వెనీని యను మిలానొ న్యాయవాదియు, జాకొమొ కప్పెల్లీన్ అను వెనీసు వర్తకుడును కలిసి బట్టీ నెలకొల్పినపుడు, వారి కళాదర్శకుడైన విత్తోరియొ జెక్కీన్, మురానోలోనే పుట్టినవాడు, ఈ పటమును చూచి ఆ పాత్రను మరల గాజున నిలిపెను. ఎవడో పేరు తెలియని పనివాడు గాజున ఊదినది చిత్రకారుని కంట బడి నూనెరంగులలో దాగి, మూడువందలయేండ్లు దాటిన పిమ్మట మరల నిప్పులోనికి దిగెను. నాటి పాత్ర ఎన్నడో విఱిగిపోయియుండును. దాని వాసన మాత్రము పటములో నిలిచెను. నేటికిని ఆ సంస్థకు గుర్తు ఆ పాత్రయే.

ఆ బట్టీనుండియే, గాజు అరువుచీరలను విడిచి తన మేనితో నిలిచిన కాలము మొదలైనది. నపొలియోనె మార్తినుజ్జి యను శిల్పి, తరతరములుగ పనివాండ్రు దోషమని పాఱవేసిన బుడగలనే కోరి నింపి, నురుగుగట్టిన సముద్రమువంటి పులెగోజొ గాజును చేయించెను. వాస్తుశిల్పి కార్లొ స్కార్ప 1932 మొదలు 1947 వఱకు అక్కడ నుండి, సన్నని కడ్డీలతో నేతబట్టవంటి గాజును, చల్లారిన పిదప చక్రముపై ఒరసి సుత్తిదెబ్బలు తిన్న లోహమువలె మెఱయు బత్తూతొ గాజును కల్పించెను. ఆయన ఊహలకు రూపమిచ్చినవాడు బొబొలి యని పిలువబడిన మేస్త్రీ అర్తూరొ బియజుత్తొ. ప్రదర్శనలలో స్కార్ప నామము పెద్ద అక్షరములలో నుండును. బొబొలి పేరు తెలిసినవారు కొందఱే. ఆ పాత్రలపై ఇద్దఱి పేరులును సమానమైన అక్షరములలో నుండవలెనని నా మతము. ఏలయన, ఊహ యొకనిదైనను, రంగు కానరాని ఆ క్షణమున దానిని జ్ఞప్తియందుంచుకొన్న చేయి ఇంకొకనిది.

1948 ప్రాంతమున చిత్రకారుడు ఫుల్వియొ బియాంకోనియు వెనీనియు కూడి చేసిన చేతిరుమాలు పాత్రను చూచినపుడు నాకు మఱియొక సంగతి స్ఫురించెను. పలుచని గాజుపలకను వేడిగ వ్రేలవిడువగా, దాని బరువే దానిని ముడుతలుగ మలచును. గాలిలోనుండి జాఱుచున్న ఉత్తరీయమువలె నున్న ఆ రూపమునకు కర్త మనుష్యుడా, గాజా? అట్లే ఎర్కొలె బరొవియెర్ 1930 కి కొంచెమటు నిటుగా ప్రిమవేర యను వసంతగాజును చేసెను. మిశ్రమమునందలి ఏదో యాదృచ్ఛికముచే మంచు నెఱియలిచ్చినట్లైన ఆ గాజును తరువాత ఆయనయే మరల సాధింపలేకపోయెను. ఆ కాస్త ముద్దతో ఎన్ని వస్తువులైనవో అన్నియే లోకమున నున్నవి. వసంతమని పేరుపెట్టుట ఎంత ఉచితము!

కట్టడులు చేసి దాచిన విద్యను చేజేతుల పంచిపెట్టినవాడు మన కాలమునందే యున్నాడు. లీనో తాలియపియెత్ర 1934 లో మురానోలో జన్మించి, పదకొండవ యేట అర్కిమేదె సెగూజొ బట్టీలో కుఱ్ఱవాడుగ చేరి, ఇరువదియొకటవ యేటికే మేస్త్రీ యయ్యెను. 1968 లో వెనీని బట్టీకి వచ్చి పియాజ్జల పనిని చూచిపోయిన డేల్ చిహులి యను అమెరికను, 1971 లో వాషింగ్టను రాష్ట్రపు అడవుల నడుమ మిత్రులతో కలిసి పిల్చక్ అను గాజుపాఠశాల నారంభించెను. 1979 లో లీనో అక్కడికి పోయి, తన ద్వీపమువారు పలువురు అలిగినను, తెలిసినదంతయు నేర్పెను. కంటితో దొంగిలించుకొనవలసిన విద్యను చేయిపట్టి ఇచ్చినవాడాతడు. ఆ పరదేశమున ఆయనకు లభించినదేమనగా, అమెరికా ఆదివాసులైన హోపీల బుట్టల అల్లికలను చూచు అవకాశమును, ఒరుల ఊహలకు కాక తన ఊహకే చేయగల స్వాతంత్ర్యమును. తుదకాయన చేసిన గొప్ప కృతులలో నొకటి ఏది? పొడవైన సన్నని గాజు పడవల సమూహమును తీగలతో గాలిలో వ్రేలాడదీసిన 'ఎండెవర్'. లోకమంతయు తిరిగినవాని చేతిలోనుండి వచ్చినవి బాల్యమున తన కాలువలో చూచిన పడవలే.

సాయంకాలము శాంత మరియ ఎ శాన్ దొనాతొ దేవాలయమునకు పోయితిమి. దాని నేల పండ్రెండవ శతాబ్దపు చిత్రశిలాకుట్టిమము. 1140 నాటిదని అందే లిఖితమై యున్నది. రెండు కోడిపుంజులు బొంగునకు కట్టిన నక్కను మోసికొని పోవుచున్నవి! మన పంచతంత్రమునందలి కథ కాదుగదా యని మావాడు వంగి వంగి చూచెను. భూమి క్రుంగి నేల అలలవలె ఎగుడుదిగుడైనది. నడచుచుండగా పడవలో నిలిచినట్లుండెను.

తిరిగి రేవునకు వచ్చుచు, ఒక ముదుసలి నడుపు దుకాణమున రొజెత్త పూస నొక్కదానిని మా అక్కకై కొంటిని. ఆమె చెప్పిన కథ మావాడు తెనిగించెను. వెనీసునందలి కస్తెల్లొ పేటలో పూర్వము స్త్రీలు గుమ్మముల ముందు కూర్చుండి, ఒడిలో కొయ్యపళ్ళెముపెట్టుకొని, విసనకఱ్ఱవలె పట్టిన పదులకొలది పొడవైన సూదులను పూసలలో ముంచి ముంచి గ్రుచ్చుచుండెడివారట. ఇంపిరరెస్సె యని వారి పేరు. ఈ గాజుపూసల కళను 2020 లో యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించినది. ఆ సన్నపూసలను చేయుటకై ఇద్దఱు గాజుముద్దను చెఱొకవైపు పట్టుకొని పరుగెత్తగా అది దారమువలె సాగి గొట్టమగునని ఆమె చేతులు చాచి చూపినప్పుడు, నా కన్నుల ముందు మఱియొక బట్టీ మెఱసెను. కాళహస్తికి పోవు త్రోవలో ఏర్పేటి దగ్గఱ పాపానాయుడుపేట కలదు. చిన్ననాడు అక్కతోకూడ నేనచట నిలిచి చూచితిని. ఇనుపగొట్టమున కెత్తిన గాజుముద్దనుండి ఒక్క మనుష్యుడు సన్నని గాజునాళమును చేతుల మార్పున అదేపనిగ లాగుచుండెను. తునకలుగ కోసి, బూడిదతో కలిపి వేచి, పదును తీఱిన పూసలుగ చేయుచుండిరి. సముద్రముల కావల వెనీసువారు సున్నమును బొగ్గుపొడిని కలుపుదురు, మనవారు బూడిదను కలుపుదురు. రంధ్రము పూడిపోకుండుటకే రెండును. ఆనాడు అక్క తన నల్లపూసలను అక్కడనే కొనెను.

ఇల్లు చేరిన మఱునాడు, చత్వారముచే చూపు మందగించిన అక్క అరుగుపై కూర్చుండి నేనిచ్చిన పూసను చేతిలో త్రిప్పెను. "ఎక్కడిదిరా తమ్ముడూ? దీని అంచులన్నీ అరగదీసినట్టున్నాయే!" అనెను. ఎక్కడిదో చెప్పబోయితిని; వినలేదు. కొంగుముడినుండి నల్లపూసల దండను తీసి, దారపు కొనను పంట కొఱికి, పెదవులతో తడిపి, ముఖమును వీధివైపే త్రిప్పియుంచి, వ్రేళ్ళతోనే ఆ నక్షత్రపు నడిమి రంధ్రమును వెదకి ఎక్కించెను.